స్నానంతో తీరని దుఃఖం

స్పెయిన్‌లో వేడినీటి ఊటలున్న ఊళ్లలో 'బల్నెయారియో' అన్న బోర్డు కనిపిస్తుంది. లోపల డాక్టరు ఉంటాడు, గంధకం వాసన ఉంటుంది, తెల్లటి తువ్వాలు గౌన్లు తొడుక్కున్న పెద్దవాళ్లు ఉంటారు. కీళ్లనొప్పులకు, ఆయాసానికి, చర్మవ్యాధులకు నీళ్లతో వైద్యం చేసే చోటు అది. ఆ దేశపు ప్రభుత్వ సంస్థ ఇమ్సెర్సో 1989 నుంచి పింఛనుదారులకు రాయితీ మీద ఈ స్నానవైద్యం ఏర్పాటు చేస్తోంది. ఈమధ్య అదే బోర్డు కింద ఇంకో సరుకు కూడా జోరుగా అమ్ముడుపోతోంది. దాని పేరు ప్రశాంతత. ఒంటికి మట్టిపూత, మనసుకు నిశ్శబ్దం, రెండూ ఒకే ప్యాకేజీలో.

మోకాలికి పనిచేసిన నీళ్లు మనసుకూ పనిచేస్తాయా? ప్రకటన రాసేవాడికి ఇది ప్రశ్నే కాదు. కానీ బల్నెయారియో అన్న మాటకు మూలం పుట్టిన నాటి నుంచీ తత్వవేత్తలు, బిషప్పులు, ఒకసారి ఏకంగా ఒక మహారాజు దీంతో కుస్తీ పట్టారు. మాట వెంట నడిస్తే ఆ తగాదా అంతా వరసగా ఎదురవుతుంది.

బల్నెయారియోకు మూలం లాటిన్ 'బల్నేయుమ్'. దాని తల్లి గ్రీకు 'బలనేయోన్', అంటే స్నానశాల. లాటిన్ నుంచి స్పానిష్‌లోకి ఇది రెండు దారుల్లో వచ్చింది. జనం నోళ్లలో నలిగి, మధ్యలో లకారం రాలిపోయి 'బాన్యో' అయింది. స్నానానికీ, స్నానాలగదికీ, చివరికి మరుగుదొడ్డికీ అదే పేరు. చదువుకున్నవాళ్లు పుస్తకాల్లోంచి ఎత్తి తెచ్చుకున్న రూపం బల్నెయారియో. మన వ్యాకరణంలో చెప్పుకుంటే మొదటిది తద్భవం, రెండోది తత్సమం. తద్భవం ఇంట్లో ఉండిపోయింది, తత్సమం బోర్డెక్కింది. ఖరీదైన వ్యాపారానికి గ్రాంథికం పేరు పెట్టే అలవాటు మనకొక్కరికే లేదన్నమాట. గ్రీకు మాటకు వెనక ఏముందో మాత్రం పండితులు తేల్చలేదు. గ్రీకులు వచ్చేసరికే ఆ నేల మీద వినిపిస్తున్న ఏదో పాతభాషది కావచ్చునని చాలామంది మొగ్గు.

ఏథెన్సులో బలనేయోన్ గౌరవనీయమైన చోటేమీ కాదు. స్నానశాల పనివాడంటే వాగుడుకాయ అన్న పేరుండేది. 'రిపబ్లిక్' మొదటి భాగంలో థ్రసిమాకస్ న్యాయం గురించి ఊపిరాడకుండా ఉపన్యసించి లేచి వెళ్లబోతుంటే, స్నానశాల మనిషి నీళ్లు గుమ్మరించినట్టు చెవుల్లో మాటలు గుమ్మరించి పోతున్నాడని ప్లేటో ఎత్తిపొడుస్తాడు. సినోపె ఊరి డయోజెనీస్ ఒకసారి మురికిపట్టిన స్నానశాలలోకి వెళ్లి, ఇక్కడ స్నానం చేసినవాళ్లు తర్వాత ఎక్కడికెళ్లి కడుక్కుంటారని అడిగాడట. క్రీ.పూ. 423లో అరిస్టోఫేనీస్ ఆడించిన 'మేఘాలు' నాటకంలో పాతకాలపు నీతిని బోధించే పాత్ర, వేడినీళ్లు మగవాణ్ణి పిరికివాణ్ణి చేస్తాయంటుంది. ఎదుటి పాత్ర వెంటనే అందుకుంటుంది: వేడినీటి ఊటలకు హెరాక్లీస్ పేరేగా పెట్టుకున్నాం, మరి హెరాక్లీస్ పిరికివాడా? నాటకం నవ్వించడానికే అయినా అందులో ఒక నమ్మకం దాగి ఉంది. ఒంటికి తగిలిన వేడి గుణాన్ని మారుస్తుందన్నది ఆ నమ్మకం.

సోక్రటీస్ ఆఖరి రోజు ఈ లెక్కను తిరగేస్తుంది. క్రీ.పూ. 399లో జైలుగదిలో ఆయన పొద్దుటి నుంచీ మిత్రులతో ఆత్మ గురించే మాట్లాడాడు. తత్వచింతనే అసలైన శుద్ధి అన్నాడు, శరీరం నుంచి ఆత్మను విడదీసుకోవడమే దాని పని అన్నాడు. పొద్దు వాలుతుండగా, ఇక వెళ్లి స్నానం చేస్తానని లేచాడు. విషం తాగాక శవానికి నీళ్లు పోసే శ్రమ ఆడవాళ్లకు ఎందుకన్నది ఆయన చెప్పిన కారణం. నిన్నెలా పాతిపెట్టాలని క్రిటో అడిగితే, నేను దొరికితే మీ ఇష్టమొచ్చినట్టు చేయండని నవ్వాడు. ఆత్మశుద్ధి మీద ఒక పూటంతా వాదించిన మనిషి స్నానానికి వచ్చేసరికి ఆత్మ ఊసే ఎత్తలేదు. ఇంకొకరికి పని తప్పించడం, అంతే. ఈ విషయం మీద తర్వాత వచ్చిన వెయ్యేళ్ల రాతల్లో ఇంత తేటగా ఆలోచించినవాళ్లు తక్కువ.

రోమన్లు బలనేయోన్‌ను ఊరంత చేశారు. స్పెయిన్‌లోని కోర్దొబాలో పుట్టిన సెనెకా ఒక ఉత్తరంలో, తాను స్నానశాల పైన అద్దెకుంటున్న ఇంట్లో వినిపించే చప్పుళ్ల జాబితా రాశాడు. బరువులెత్తేవాళ్ల మూలుగులు, వీపు మర్దన చేసేవాడి చెయ్యి బోర్లా పడిందా గుంటగా పడిందా తెలిసేలా వినబడే చప్పుడు, కొలనులోకి ధభాలున దూకేవాడు, చంకల్లో వెంట్రుకలు పీకేవాడి కీచుగొంతు, సాసేజీలు అమ్మేవాడి కేక. మనసు కుదురుగా ఉంటే బయటి గోల ఏమీ చేయలేదని ఉత్తరమంతా నిరూపించి, చివర్లో తాపీగా, అయినా ఇల్లు మారుతున్నానంటాడు. స్టోయిక్కు తత్వవేత్తల్లో ఇంత నిజాయితీగా నవ్వుకున్నవాళ్లు అరుదు. ఎపిక్టిటస్ తన శిష్యులకు ఇంకాస్త కటువుగా చెప్పాడు: స్నానానికి వెళ్లేముందు అక్కడ నీళ్లు చిమ్ముతారు, తోస్తారు, తిడతారు, దొంగిలిస్తారు అని గుర్తుచేసుకుని వెళ్లు. చక్రవర్తి మార్కస్ ఆరీలియస్‌కు స్నానమంటే నూనె, చెమట, మడ్డి, జిడ్డునీళ్లు. బతుకులో ప్రతి ముక్కా అలాంటిదేనని ఆయన చిట్టాలో రాసుకున్నాడు. వీళ్లెవరూ స్నానశాలలో ప్రశాంతతను వెతకలేదు. ప్రశాంతత చెడకుండా అక్కణ్ణించి ఎలా బయటపడాలన్నదే వాళ్ల చింత.

క్రైస్తవం వచ్చాక చింత భయమైంది. అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ స్నానానికి నాలుగు కారణాలు లెక్కపెట్టాడు: శుభ్రత, వెచ్చదనం, ఆరోగ్యం, సుఖం. సుఖం కోసమైతే అసలు వద్దు. ఆడవాళ్లు శుభ్రతకూ ఆరోగ్యానికీ చేయవచ్చు, మగవాళ్లు ఆరోగ్యానికి మాత్రమే. క్రీస్తులో ఒకసారి స్నానమాడినవాడికి రెండో స్నానం ఎందుకన్నాడు జెరోమ్. బెనెడిక్ట్ తన మఠ నియమాల్లో రోగులకు ఎన్నిసార్లయినా సరేనని, ఆరోగ్యవంతులకు, ముఖ్యంగా కుర్రవాళ్లకు, అరుదుగా ఇమ్మన్నాడు. ఆదివారం స్నానం పాపమని కొందరు రోమ్‌లో గొడవ చేస్తే పోప్ గ్రెగరీ వాళ్లకు ఉత్తరం రాశాడు. ఒంటికి అవసరమైతే ఆదివారమూ తప్పు లేదు, భోగం కోసమైతే ఏ వారమూ ఒప్పు కాదు. కాన్‌స్టాంటినోపుల్‌లో సిసిన్నియస్ అనే బిషప్పు మాత్రం రోజుకు రెండుసార్లు స్నానశాలకు వెళ్లేవాడు. బిషప్పు అయ్యుండి రెండుసార్లెందుకని ఎవరో నిలదీస్తే, మూడుసార్లు వీలుపడదు కనుక అన్నాడట.

సిసిన్నియస్‌ను పక్కన పెడితే మిగిలినవాళ్లందరూ ఒక విషయంలో ఏకమే. వేడినీళ్లు చర్మం దగ్గర ఆగవు, లోపలికి దిగి ఆత్మను మెత్తబరుస్తాయి. ఈనాటి ప్రశాంతత వ్యాపారం నిలబడింది కూడా ఈ నమ్మకం మీదే. సన్యాసికి అది ముప్పు, హోటలువాడికి అది లాభం.

దీన్ని ఊహతో సరిపెట్టకుండా తన మీదే పరీక్షించి, ఫలితం రాసిపెట్టిన మనిషి ఒకరున్నారు. క్రైస్తవ తత్వవేత్త అగస్టీన్.

387వ సంవత్సరం. ఆఫ్రికాకు ఓడ ఎక్కడానికి రోమ్ రేవుపట్టణం ఓస్టియాలో ఆగిన సమయంలో ఆయన తల్లి మోనికాకు జ్వరం తగిలింది. తొమ్మిదో రోజున పోయింది. ఆమెకు 56వ ఏడు నడుస్తోంది, కొడుక్కి 33వది. అదే ఏడు ఈస్టర్‌కు మిలాన్‌లో బిషప్ ఆంబ్రోస్ చేతుల మీదుగా ఆయన బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఎనిమిది కోణాల ఆ బాప్తిస్మపు తొట్టి శిథిలాలు మిలాన్ పెద్దచర్చి కింద ఇప్పటికీ చూపిస్తారు. ఆ నీళ్లలో గత జీవితంలోని పాపాలన్నీ పోయాయని నమ్మిన మనిషికి కొద్దినెలల్లో తల్లి చావు ఎదురైంది. కొత్త విశ్వాసి కనుక ఏడవడం తప్పని ఆయన లెక్క. ఆమె నశించలేదని నమ్మినప్పుడు కన్నీళ్లెందుకు? ఆమె ఊపిరి ఆగగానే మనవడు అదెయొదాతుస్ భోరుమంటే పెద్దవాళ్లు నోరు మూయించారు. మిత్రుడు ఎవోదియస్ కీర్తనల పుస్తకం తీసి పాట ఎత్తుకున్నాడు. అగస్టీన్ శవం వెంట వెళ్లాడు, తిరిగొచ్చాడు, కంట తడి లేదు. సమాధి పక్కన ప్రార్థన జరుగుతున్నా ఏడవలేదు. లోపల మాత్రం తన బలహీనతను తానే తిట్టుకుంటూ నలిగిపోతున్నాడు.

అప్పుడు స్నానానికి వెళ్లాలనిపించింది. దహనం నుంచి వచ్చి ఇంట్లో అడుగు పెట్టకముందే నీళ్లు పోసుకోవడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. అది మైల పోవడానికి. దుఃఖం పోతుందని ఎవరూ చెప్పరు. అగస్టీన్ వెళ్లింది సరిగ్గా దుఃఖం కోసం, అదీ ఒక నిరుక్తాన్ని నమ్మి. గ్రీకులు స్నానశాలకు బలనేయోన్ అని పేరు పెట్టింది అది మనసులోంచి వేదనను వెళ్లగొడుతుంది కనుకనేనని ఆయన ఎక్కడో విన్నాడు. గ్రీకులో 'బల్లో' అంటే విసిరేయడం, 'అనియా' అంటే బాధ. రెంటినీ అతికిస్తే మాట తయారైనట్టే వినిపిస్తుంది. భాషాశాస్త్రం ప్రకారం ఇది చెల్లదు.

స్నానం చేశాడు. ఎలా వెళ్లానో అలాగే వచ్చానని 'ఒప్పుకోళ్లు' గ్రంథంలో దేవుడికి చెప్పుకున్నాడు. ఒంటికి చెమట పట్టింది కానీ గుండెలోని చేదు చెమటతో బయటికి రాలేదు. తర్వాత నిద్రపోయాడు. లేచేసరికి బరువు సగం దిగింది. పడుకునే ఉండగా ఆంబ్రోస్ రాసిన ఒక రాత్రిపాట గుర్తొచ్చింది, నిద్ర అలసిన మనసులను తేలిక చేస్తుందన్న భావం అందులో ఉంది. ఆ వెంటనే తల్లి జ్ఞాపకం ముంచెత్తింది, అప్పటిదాకా బిగపట్టిన కన్నీళ్లు వదిలేశాడు. గంటలో ఏ కాస్తసేపో ఏడ్చాను, తప్పనిపిస్తే నవ్వకండి, నాకోసం ఏడవండి అని చదివేవాళ్లను బతిమాలుకున్నాడు.

ఈ ఘట్టంలో అగస్టీన్ చేసిన పని చిన్నది కాదు. ఆయన స్నానాన్ని పాపమనలేదు, దివ్యౌషధమనీ అనలేదు. స్నానం ఒంటిని తాకింది, దుఃఖాన్ని తాకలేదు. దుఃఖాన్ని తాకింది నిద్ర, పాట, ఏడుపు. నిద్ర కూడా ఒంటి పనే కదా అని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. ఒంటికీ ఆత్మకూ మధ్య దారి లేదని ఆయన రాయలేదు. ఏ దారి తెరుచుకుంటుందో పేరును చూసి చెప్పలేమన్నంత వరకే ఈ ఘట్టం నడుస్తుంది. తర్వాతి రోజుల్లో స్త్రీల మఠానికి రాసిన నియమాల్లో ఆయన నెలకొక స్నానం చాలన్నాడు, జబ్బు చేస్తే మాత్రం డాక్టరు మాట వినాలన్నాడు. ఈ ఉత్తర్వులో ఉత్సాహం లేదు, భయమూ లేదు.

రెండు శతాబ్దాల తర్వాత సెవిల్ బిషప్ ఇసిడోర్ ప్రపంచంలోని మాటలన్నిటికీ పుట్టుక చెబుతూ 'ఎటిమొలొజియే' అనే బ్రహ్మాండమైన గ్రంథం కూర్చాడు. స్నానశాల దగ్గరికి వచ్చేసరికి అదే కథ మళ్లీ రాశాడు: దుఃఖం తేలిక చేస్తుంది కనుక ఆ పేరు, గ్రీకులు అందుకే బలనేయోన్ అన్నారు. వెళ్లాను, దుఃఖం తగ్గలేదు అన్న సగాన్ని వదిలేశాడు. మందు పనిచేయలేదన్న చీటీ పోయి, సీసా మీది అట్ట మాత్రం మిగిలింది. మధ్యయుగాలంతా యూరప్ చదువుకున్నది ఇసిడోర్ పుస్తకాన్నే.

ఇక మహారాజు సంగతి. 1492లో గ్రనడా క్రైస్తవ రాజుల చేతికి చిక్కింది. కొన్నేళ్లలోనే అక్కడి ముస్లింలను బలవంతంగా మతం మార్పించి 'మొరిస్కోలు' అన్నారు. పేరుకు క్రైస్తవులే, కానీ అనుమానం తీరలేదు. 1567 జనవరి 1న రెండో ఫెలిపె శాసనాన్ని గ్రనడాలో చాటించారు. అరబ్బీ మాట్లాడకూడదు, పాత దుస్తులు వేసుకోకూడదు, స్నానశాలలు ఉండకూడదు. స్నానం అప్పటికే మతద్రోహానికి సాక్ష్యంగా పనికొస్తోంది. ఫలానావాడు తరచూ కడుక్కుంటాడని పొరుగువాడు చెప్పడం విచారణాధికారులకు ఉపయోగపడే సమాచారమే.

ఫ్రాన్సిస్కో నూన్యెస్ ములేయ్ అనే వృద్ధ మొరిస్కో పెద్దమనిషి దీనికి జవాబు రాసి, గ్రనడా ఉన్నత న్యాయస్థానం అధ్యక్షుడు పెద్రో దె దేసాకు అందించాడు. ఆ వాదన ఇప్పుడు చదివినా ముచ్చటేస్తుంది. స్నానశాలలో మతకర్మ జరుగుతుందంటున్నారు. కర్మకు ఏకాంతం కావాలి, శుభ్రమైన చోటు కావాలి. పదిమంది చూస్తుండగా, పదిమంది మురికి చేరే చోట ఎవరైనా చేస్తారా? అక్కడ పనిచేసేవాళ్లు క్రైస్తవులే. కాస్టిల్‌లోనూ స్నానశాలలు ఉండేవి, అక్కడ తీసేశారని ఇక్కడెందుకు తీయాలి? జబ్బుపడ్డవాళ్లు, ఒళ్లు హూనమయ్యే పనులు చేసేవాళ్లు ఏమైపోవాలి? సారాంశం ఒకటే. స్నానం స్నానమే, అందులో ఆత్మ ఏ మతానిదో కనిపించదు.

వినలేదు. స్నానశాలలు కూల్చడం మొదలైంది. 1568 క్రిస్మస్‌కు ముందు రాత్రి తిరుగుబాటు లేచి అల్పుహారా కొండలకు పాకింది. దాన్ని అణచడానికి రెండేళ్లకు పైగా పట్టింది. గ్రనడా మొరిస్కోలను కాస్టిల్ ఊళ్లకు చెదరగొట్టారు, 1609 నుంచి మొత్తం స్పెయిన్ నుంచే వెళ్లగొట్టారు. గ్రనడాలో 'బాన్యువేలో' అనే పాత స్నానశాల మాత్రం మిగిలింది. కమాను కప్పులో నక్షత్రాల ఆకారంలో కోసిన రంధ్రాల గుండా లోపలికి వెలుతురు పడుతుంది. టిక్కెట్టు కొని చూడవచ్చు.

ఇంగ్లీషులో ఉన్న చుట్టాల కథ ఇంత బరువైనది కాదు కానీ చెడుసావాసాలది. ఇటాలియన్ 'బాన్యో' 16, 17 శతాబ్దాల్లో ఇంగ్లీషులోకి వచ్చి మొదట స్నానశాలనే సూచించింది. లండన్‌లో అలాంటి చోట్ల గదులు అద్దెకివ్వడం మొదలుకాగానే అర్థం జారిపోయింది. 18వ శతాబ్దానికి బాన్యో అంటే వేశ్యాగృహమే. హోగార్త్ 1743 ప్రాంతంలో గీసిన పెళ్లి చిత్రాల వరసలో అయిదోది అక్కడే జరుగుతుంది. భర్త కత్తిపోటుతో కూలుతుంటాడు, భార్య ప్రియుడు చొక్కాతో కిటికీ దూకుతుంటాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అదే బాన్యోకు మధ్యధరా రేవుల్లో ఇంకో అర్థం కూడా ఉండేది, బందీల చెర. డాన్ కిహోటె రాసిన సెర్వాంటెస్ 1575 నుంచి 1580 దాకా అల్జీర్స్‌లో అలాంటి చెరలోనే మగ్గాడు. 1615లో అచ్చయిన ఆయన నాటకం పేరులోని 'బాన్యోస్' స్నానాలు కావు, జైళ్లు. ఫ్రెంచిలో దీని చుట్టమే 'బాన్య్', ఖైదీలతో చాకిరీ చేయించే శిక్షాశిబిరం. వంటింట్లో వేడినీటి గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి సన్నగా ఉడికించడాన్ని 'బేన్ మరీ' అంటారు. అందులోని మరీ ప్రాచీన అలెగ్జాండ్రియా కాలపు యూదు రసవాది మరియా అని సంప్రదాయం. డాక్టర్లకు మిగిలింది 'బాల్నియాలజీ', అందులో లాటిన్ మాట దాదాపు చెక్కుచెదరకుండా ఉంది. ఇంగ్లీషువాళ్ల రోజువారీ 'బాత్' మాత్రం ఈ కుటుంబంలోది కాదు, అది జర్మానిక్ మాట.

'స్పా' కూడా కాదు. అది బెల్జియంలో ఊటనీళ్లున్న ఊరి పేరు. కానీ స్పా అంటే 'సాలుస్ పెర్ ఆక్వామ్', నీటి ద్వారా ఆరోగ్యం, అన్న లాటిన్ మాటల పొడి అక్షరాలని చెప్పే బ్రోషర్లు కోకొల్లలు. రోమన్లు అలా అన్న దాఖలా లేదు. అగస్టీన్ విన్న నిరుక్తానికి ఇది ముని మనవడు. అప్పటికీ ఇప్పటికీ తేడా ఒకటుంది: వ్యాపారం ఈసారి ముందే లాటిన్ నేర్చుకుంది.

స్పెయిన్ చట్టానికి ఈ కవిత్వం పట్టదు. 1816లో ఏడో ఫెర్నాందో స్నానవైద్యుల ఉద్యోగవర్గాన్ని ఏర్పాటు చేసి పేరున్న ఊటలకు డాక్టర్లను నియమించే పద్ధతి పెట్టాడు. ఇవాళ ఔషధజలాలు 1973 నాటి గనుల చట్టం కిందికి వస్తాయి. బొగ్గులాగే నీళ్లకూ పరీక్ష, గుర్తింపు, అనుమతి. ఏ లవణం ఎంత ఉంది, ఏ రోగానికి పనికొస్తుంది అన్నది అందులో అడుగుతారు. దుఃఖం గురించి గడి లేదు.

గలీసియా తీరంలో ఓ గ్రోవె ఊరి చుట్టుపక్కల నమ్మకం, చట్టం అనే ఈ రెండు లోకాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. లాన్సాడా బీచిలో ఆగస్టు చివరి శనివారం ఉత్సవ వేళ పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు సముద్రంలోకి దిగి తొమ్మిది అలలు మీద పడేదాకా నిలబడతారు. ఒడ్డునే మేరీమాత గుడి. ఆ స్నానానికి ఏ డాక్టరు చీటీ అక్కర్లేదు. అక్కణ్ణించి కాస్త దూరంలో లా తోహా దీవిలో పేరుమోసిన బల్నెయారియో ఉంది, డాక్టరుతో, అనుమతితో, అక్కడి నీళ్ల లవణాలతో తయారైన సబ్బుతో సహా. ఆ నీళ్ల మహత్తు ఎలా బయటపడిందో స్థానికులు చెప్పే కథలో సాధువూ లేడు, రాజూ లేడు. ఒళ్లంతా పుళ్లు పడ్డ గాడిదను యజమాని చావనీ అని దీవిలో వదిలేసి పోయాడు. కొన్నాళ్లకు వచ్చి చూస్తే అది బురదలో పొర్లి పొర్లి నున్నగా తయారై గడ్డి మేస్తోందట.